హీట్ పంప్ తొలి స్టార్టు: ప్రాజెక్టు డైరీ

సిస్టం వివరం: గోడకు బిగించే ఇన్వర్టర్ (కంప్రెసర్ వేగాన్ని మార్చుకునే) స్ప్లిట్ ఏసీ, వేడిగాలీ చల్లగాలీ రెండూ ఇచ్చే రకం. చల్లదనం 5 కిలోవాట్లు, వేడి 6 కిలోవాట్లు. గ్యాసు ఆర్-32. అవుట్‌డోర్ యూనిట్‌లో ఫ్యాక్టరీ నింపి పంపినది 1.1 కిలో. రాగి గొట్టాలు 6.35, 12.7 మిల్లీమీటర్లవి, ఒక వైపు పొడవు 11 మీటర్లు. కరెంటు 230 వోల్టుల సింగిల్ ఫేజ్, ఈ యూనిట్‌కే విడిగా 20 ఆంపియర్ల ఎమ్‌సీబీ (బోర్డులోని బ్రేకర్).

యూనిట్లు గోడకెక్కించడం, గొట్టాలు, వైర్లు లాగడం ఈ డైరీలో లేవు. అవి అయిపోయాక, రిమోట్ నొక్కే దాకా ఉన్న పని గురించే ఇది. నలభై బార్లు దాటిన నైట్రోజన్, మంటంటుకోగల ఆర్-32 గ్యాసు, 300 వోల్టులు దాటిన డీసీ కరెంటు, ఈ మూడింటితో ఒకేచోట పని పడేది ఈ దశలోనే. అందుకే ఒక పరీక్ష పాసయ్యే దాకా తర్వాతిది మొదలు పెట్టకూడదన్నదే మొత్తం పనికి పెట్టుకున్న నియమం. గ్యాసు లైను పనికి చాలా దేశాల్లో సర్టిఫికెట్ ఉన్న టెక్నీషియనే ఉండాలి. ఇంటివాళ్లు పానా పట్టక్కర్లేదు గానీ కింద రాసిన రీడింగులు అడిగి రాయించుకోవచ్చు. అడగడం మొదలుపెడితే పని తీరే మారుతుంది.

నమోదు 1: కరెంటు కట్టేసి, కట్టేసినట్టే ఉంచడం

ఎమ్‌సీబీ ఆపి, దానికి తాళం క్లిప్పు పెట్టి, చీటీ కట్టాం. అవుట్‌డోర్ యూనిట్ పక్కనున్న ఐసోలేటర్ (కరెంటు పూర్తిగా తెంపే స్విచ్) కూడా ఆఫ్. రిమోట్‌తో ఆపితే సరిపోదు. టైమర్, ఫోన్ యాప్, థర్మోస్టాట్ ఏదో ఒకటి ఎప్పుడైనా ఫ్యాన్‌ను తిప్పగలదు. జాలీ తీసి ఉన్నప్పుడు అలా తిరిగితే వేళ్లు పోతాయి.

ఆఫ్ చేసిన తర్వాత కూడా ఇన్వర్టర్ బోర్డు నిద్రపోదు. 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చినప్పుడు కెపాసిటర్ల మీద దాదాపు 325 వోల్టులు నిలుస్తాయి. కొన్ని మోడళ్లు దాన్ని ఇంకా పెంచుకుంటాయి. ఒకసారి కరెంటు ఇచ్చి ఆపిన యూనిట్ అయితే కనీసం 10 నిమిషాలు ఆగి, బోర్డు మీద చూపిన బిందువుల దగ్గర మీటరు పెట్టి, 50 వోల్టుల కంటే తక్కువకు దిగిందని చూశాకే చెయ్యి పెట్టాలి. టైము చూసుకుని వదిలేయడం కాదు, కొలవాలి. డిశ్చార్జి రెసిస్టర్ పాడైతే పది నిమిషాలకేమీ దిగదు.

నమోదు 2: వైరింగు

రెండు యూనిట్ల మధ్య నాలుగు తీగల కేబుల్: ఫేజు, న్యూట్రల్, సిగ్నల్, ఎర్త్. ఈ మోడల్‌లో టెర్మినళ్లు 1, 2, 3. రెండు చివర్లా అదే అంకెకు అదే రంగు తీగ వచ్చిందా అని చూడటం అరనిమిషం పని. 2, 3 తారుమారైతే అదృష్టం బాగుంటే కమ్యూనికేషన్ ఎర్రర్ వస్తుంది, లేకపోతే ఇండోర్ బోర్డు కాలుతుంది. కేబుల్ మధ్యలో అతుకు ఉండకూడదు. సిగ్నల్ లైనులో అతుకు ఉంటే తేమ పట్టిన రోజుల్లో మాత్రమే కనబడే ఎర్రర్లు వస్తాయి, వాటిని వెతకడానికి వారాలు పడతాయి. ఫేజులో అతుకు ఉంటే అక్కడ వేడెక్కుతుంది.

కేబుల్‌ను రెండు చివర్లా విడదీసి 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ బాగుందో లేదో కొలిచే మీటరు) పెట్టాం. ఫేజు నుంచి ఎర్త్‌కు, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు 200 మెగాఓమ్‌లు దాటి చూపించింది. కనీసం 1 మెగాఓమ్ ఉండాలంటారు గానీ కొత్త కేబుల్ ఒక్క మెగాఓమ్ చూపిస్తోందంటే అది పాసైనట్టు కాదు, ఎక్కడో తొడుగు గీసుకుపోయినట్టు. విడదీయకుండా మెగ్గర్ పెడితే ఆ 500 వోల్టులు నేరుగా ఇన్వర్టర్ బోర్డులోకి పోతాయి. కొత్త యూనిట్ స్టార్టుకు ముందే చచ్చిపోయే తేలికైన దారుల్లో అదొకటి.

అవుట్‌డోర్ యూనిట్ రేకు నుంచి మెయిన్ బోర్డు ఎర్త్ పట్టీ దాకా నిరోధం 0.3 ఓమ్. టెర్మినల్ స్క్రూలన్నీ ఒక్కోటి బిగించి, తీగను లాగి చూశాం. లూజు స్క్రూ చేసే చేటు మొదటి రోజు కనబడదు. వేడెక్కడం, చల్లారడం జరిగే కొద్దీ పట్టు ఇంకా సడలి, ఆ చోటు నల్లబడుతుంది.

లీకేజీ బ్రేకర్ (కరెంటు ఎర్త్‌లోకి కారితే ట్రిప్ అయ్యేది) 30 మిల్లీ ఆంపియర్లది. ఇక్కడ రకం ముఖ్యం. ఇన్వర్టర్‌లో లోపం వస్తే పారే లీకేజీలో నిలకడ డీసీ ఉండొచ్చు. మామూలు ఏసీ టైపు బ్రేకర్ లోపలి కోర్ ఆ డీసీకి మొద్దుబారి, ట్రిప్ కావాల్సినప్పుడు కాకుండా పోతుంది. యూనిట్ పుస్తకంలో ఏ టైపు, ఎఫ్ టైపు, బి టైపుల్లో ఏది రాస్తే అదే పెట్టాలి. టెస్ట్ బటన్ నొక్కితే ట్రిప్ అయింది. ఆ బటన్ బ్రేకర్ కదలికను మాత్రమే నిరూపిస్తుందని గుర్తుంచుకోవాలి, ఎర్త్ బాగుందని కాదు.

నమోదు 3: నైట్రోజన్ ప్రెషర్

సర్వీసు వాల్వులు రెండూ మూసే ఉన్నాయి. ఫ్యాక్టరీ గ్యాసంతా అవుట్‌డోర్ యూనిట్‌లోనే ఉంది. మనం పరీక్షించేది గొట్టాలు, ఇండోర్ కాయిల్, నాలుగు ఫ్లేర్ కీళ్లు (గొట్టం అంచును గరాటులా విప్పి నట్టుతో బిగించే కీళ్లు).

ఫ్లేర్ నట్లను రెండు పానాలతో, టార్క్ రెంచ్ పెట్టి బిగించాం. 6.35 గొట్టానికి 16 న్యూటన్ మీటర్లు (14 నుంచి 18 దాకా పర్వాలేదు), 12.7 గొట్టానికి 55 (49 నుంచి 61). చేతి అంచనాతో బిగించేవాళ్లు సన్న గొట్టాన్ని అతిగా, లావు గొట్టాన్ని తక్కువగా బిగిస్తారు. అతిగా బిగిస్తే రాగి అంచు పలచబడి కొన్ని నెలలకు చీలుతుంది, నట్టే పగలొచ్చు కూడా.

పరీక్షకు పొడి నైట్రోజన్ మాత్రమే. ఆక్సిజన్ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. కంప్రెసర్ నూనె, ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ కలిస్తే నిప్పురవ్వ లేకుండానే పేలుతుంది. గాలి కంప్రెసర్‌తో నింపే గాలీ వద్దు, అందులో తేమా ఆక్సిజనూ రెండూ ఉంటాయి. నిండు నైట్రోజన్ సిలిండర్‌లో 150 బార్లు, ఆపైన కూడా ఉంటుంది కాబట్టి రెగ్యులేటర్ లేకుండా హోస్ తగిలించడమంటే ఇండోర్ కాయిల్‌ను బాంబుగా మార్చడమే. సిలిండర్‌ను గోడకు గొలుసుతో కట్టి, రెగ్యులేటర్ స్క్రూను పూర్తిగా వదులు చేశాకే సిలిండర్ వాల్వు మెల్లగా తిప్పాం.

ఒత్తిడి మెట్లు మెట్లుగా ఎక్కింది. ముందు 5 బార్లు, ఐదు నిమిషాలు ఆగి చూడటం. తర్వాత 15 బార్లు, మళ్లీ ఐదు నిమిషాలు. ఆ తర్వాతే పుస్తకంలో రాసిన 41.5 బార్లు. ఎక్కేటప్పుడు కీళ్లకు ఎదురుగా ఎవరూ నిలబడలేదు, కళ్లద్దాలు పెట్టుకున్నాం. నేరుగా 41.5కు ఎక్కించడానికి పట్టే సమయం తక్కువే, కానీ సరిగా కూర్చోని ఫ్లేర్ 5 బార్ల దగ్గర బుస్సుమంటుంది, 40 దగ్గర ఊడి వస్తుంది.

సబ్బు నురగ పూసి నాలుగు కీళ్లూ చూశాం. బుడగల్లేవు. రాత్రంతా అలాగే ఉంచాం.

పొద్దున గేజు 40.5 చూపించింది. ఒక బార్ తగ్గింది. ఇక్కడ లీకు ఉందని కీళ్లన్నీ విప్పేయడం, ఎండ తగ్గిందిలే అని వదిలేయడం, రెండూ తొందరపాటే. లెక్క వేయాలి. సాయంత్రం గొట్టం ఉష్ణోగ్రత 31 డిగ్రీలు, పొద్దున 24. గేజు ఒత్తిడికి వాతావరణపు 1 బార్ కలిపితే 42.5. 24, 31 డిగ్రీలు కెల్విన్‌లో 297, 304. ఆ 42.5ను 297తో గుణించి 304తో భాగిస్తే 41.5, అందులోంచి ఒకటి తీస్తే 40.5. సరిగ్గా కలిసింది, లైను బిగువుగా ఉంది. ఈ ఒత్తిడి దగ్గర ఒక్కో డిగ్రీకి దాదాపు 0.14 బార్ తేడా వస్తుంది. అందుకే ఉష్ణోగ్రత రాసుకోని ప్రెషర్ పరీక్షకు విలువ లేదు.

నైట్రోజన్‌ను కిటికీలు తెరిచి, మెల్లగా, వీలైతే బయటకు హోస్ పెట్టి వదలాలి. విషం కాదు గానీ చిన్న గదిలో ఆక్సిజన్‌ను తోసేస్తుంది, దాని వాసన తెలియదు.

నమోదు 4: వాక్యూమ్

ఈ మెట్టును దాటేసి, అవుట్‌డోర్ యూనిట్ గ్యాసునే కాస్త వదిలి గొట్టాల్లోని గాలిని బయటకు తోసేసే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. ఆర్-32తో అది రెండు విధాల తప్పు. మంటంటుకోగల గ్యాసు గదిలోకి వస్తుంది, లోపల కొంత గాలీ తేమా మిగిలిపోతాయి. ఈ యూనిట్ల కంప్రెసర్‌లో వాడే పీఓఈ రకం నూనె తేమను బాగా పీల్చుకుంటుంది. నీళ్లు కలిసిన నూనె మెల్లగా ఆమ్లంగా మారి, కంప్రెసర్ వైండింగు ఇన్సులేషన్‌ను తింటుంది. చల్లగాలి మాత్రం మొదటి సీజనంతా బాగానే వస్తుంది, అందుకే ఆ అలవాటు పోదు.

పంపును ఆర్-32కు సరిపడేది, స్విచ్ దగ్గర నిప్పురవ్వ రానిది తీసుకోవాలి. మైక్రాన్ గేజును (వాక్యూమ్ ఎంత లోతుందో చూపేది, అంకె తగ్గేకొద్దీ మంచిది) పంపు పక్కన కాకుండా లైనుకు దగ్గరగా పెట్టాం. పంపు దగ్గర పెడితే అది పంపు గొప్పతనాన్నే చూపిస్తుంది.

400 మైక్రాన్లకు దిగింది. పంపును వేరు చేసి పది నిమిషాలు చూస్తే 1,600కు ఎక్కి అక్కడ ఆగిపోయింది. ఈ ఆగడమే ఆనవాలు. లీకైతే ఆగదు, ఎక్కుతూనే పోతుంది. ఒకచోటికి ఎక్కి నిలిస్తే లోపల తేమ ఆవిరవుతోందని అర్థం. పొడి నైట్రోజన్‌ను వాతావరణ ఒత్తిడి కంటే కాస్త ఎక్కువకు నింపి, కాసేపు ఉంచి, వదిలేసి, మళ్లీ వాక్యూమ్ పట్టాం. ఈసారి 350, పావుగంట తర్వాత 420. 500 లోపు నిలిచింది కాబట్టి పాస్. చలి ప్రదేశాల్లో ఇది ఇంకా మొండిగా ఉంటుంది. 500 మైక్రాన్ల దగ్గర తేమ ఆవిరి కావాలంటే గొట్టం సున్నాకు దిగువన 24 డిగ్రీల కంటే వెచ్చగా ఉంటే చాలు గానీ, లోపల నీటి బొట్టు ఉండి పంపు మరీ వేగంగా లాగితే అది మంచుగా గడ్డకట్టి అలాగే కూర్చుంటుంది. నైట్రోజన్ నింపి వదలడం ఆ మంచును కరిగించడానికి కూడా పనికొస్తుంది.

లైను వాక్యూమ్‌లో ఉండగా యూనిట్‌కు కరెంటు ఇవ్వకూడదు. వాక్యూమ్‌లో కంప్రెసర్ తిరిగితే టెర్మినళ్ల మధ్య ఆర్క్ కొట్టి వైండింగు పోతుంది.

నమోదు 5: అదనపు గ్యాసు, వాల్వులు తెరవడం

ఫ్యాక్టరీ గ్యాసు 7.5 మీటర్ల దాకా సరిపోతుంది. మన లైను 11 మీటర్లు, అంటే 3.5 ఎక్కువ. ఈ మోడల్‌కు మీటరుకు 20 గ్రాములు, కాబట్టి 70 గ్రాములు. వాల్వులు మూసి ఉండగానే, సిలిండర్‌ను తూకం మీద పెట్టి, వాక్యూమ్ లాక్కునేలా ద్రవంగా ఎక్కించాం. ఎంత వేశామో యూనిట్ లోపలి చీటీ మీద చెరగని ఇంకుతో రాశాం: మొత్తం 1.17 కిలో. ప్రెషర్ చూసి గ్యాసు సరిచేసే పద్ధతి ఇన్వర్టర్‌కు పనికిరాదు. కంప్రెసర్ వేగం మారుతూ ఉంటే ఆ ప్రెషర్ ఏ వేగానిదో ఎవరికీ తెలియదు.

తోలు చేతితొడుగులు, కళ్లద్దాలు. ద్రవం వైపు వాల్వును అలెన్ కీతో పావు చుట్టు తిప్పి పది సెకన్లు ఆగి మూసి, కీళ్లకు మళ్లీ నురగ. బుడగలు లేవని చూశాక రెండు వాల్వులూ ఆగే దాకా పూర్తిగా తెరిచాం. ఆగిన చోట బలం పెట్టి తిప్పితే కాండం సీటు చెడుతుంది. మూతలు కూడా టార్క్‌తోనే బిగించాలి. అవి దుమ్ము మూతలు కావు, రెండో సీలు.

లీకైతే ఏమవుతుందో లెక్క చూసుకుంటే భయం తన కొలతలోకి వస్తుంది. ఆర్-32 మంటంటుకోవాలంటే ఘనమీటరు గాలిలో దాదాపు 0.307 కిలో కలవాలి. పొడవు, వెడల్పు నాలుగేసి మీటర్లున్న గది, ఎత్తు రెండున్నర అయితే 40 ఘనమీటర్లు. మొత్తం 1.17 కిలో బయటపడి సమంగా కలిసినా 0.029, అంటే ఆ హద్దులో పదో వంతు. కానీ ఈ గ్యాసు గాలికంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది. ఏడెనిమిది ఘనమీటర్ల సామాన్ల గదిలో అదే లీకు సగం హద్దు దాకా పోతుంది, నేల దగ్గర ఇంకా ఎక్కువ. కాబట్టి పని జరుగుతున్నంతసేపూ స్టవ్, హీటర్, సిగరెట్ ఏదీ లేదు. ఇంకో సంగతి: ఆర్-32 మంటను తాకితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. ఘాటైన వాసనతో కళ్లు, గొంతు మండితే వెతకడం మానేసి, మనుషులు బయటికి వచ్చేయాలి.

నమోదు 6: డ్రెయిన్, చుట్టుపక్కల

డ్రెయిన్ ట్రేలో లీటరున్నర నీళ్లు పోశాం, ఆగకుండా బయటికి వచ్చాయి. వాలు మీటరుకు ఒక సెంటీమీటరు. బ్రాకెట్ బోల్టులు చూశాం, ఫ్యాన్ జాలీ, టెర్మినల్ మూతలు అన్నీ బిగించాం. మూత తీసి ఉంచి మొదటి స్టార్టు చేయడం రీడింగులకు సులువే, కానీ అవసరం లేదు. క్లాంప్ మీటరును ఐసోలేటర్ పెట్టె దగ్గరే పెట్టుకోవచ్చు.

నమోదు 7: కరెంటు ఇవ్వడం, చల్లగాలి

పుస్తకంలో క్రాంక్‌కేస్ హీటర్ (కంప్రెసర్ అడుగును వెచ్చగా ఉంచేది) గురించి ఉంటే స్టార్టుకు ముందు చెప్పినంతసేపు, సాధారణంగా 12 గంటలు, కరెంటు ఇచ్చి ఉంచాలి. చల్లగా ఉన్న కంప్రెసర్‌లో గ్యాసు ద్రవమై నూనెలో కలిసి కూర్చుంటుంది. అలాగే తిప్పితే నూనె నురగై బయటికి పోయి, బేరింగులు పొడిబారతాయి.

ఎమ్‌సీబీ వేసే మనిషి, అవుట్‌డోర్ యూనిట్ దగ్గర ఐసోలేటర్ మీద చెయ్యి వేసి నిలబడే మనిషి వేర్వేరు. టెర్మినల్ దగ్గర 228 వోల్టులు, న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య 1 వోల్టు. టెస్ట్ మోడ్‌లో చల్లగాలి పెట్టాం. మూడు నిమిషాల దాకా కంప్రెసర్ కదలకపోవడం లోపం కాదు, లోపలి ఆలస్యం. ఆ నిశ్శబ్దానికి కంగారుపడి ఆఫ్, ఆన్ చేస్తూ పోతే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

కరెంటు మెల్లగా ఎక్కి 6.8 ఆంపియర్ల దగ్గర నిలిచింది, వోల్టేజి 224కు దిగింది. నాలుగు వోల్టుల తేడా పర్వాలేదు. పదీ పదిహేనూ పడిపోతుంటే తీగ సన్నమైనా అయి ఉండాలి, కీలు లూజైనా అయి ఉండాలి. గ్యాసు వైపు గేజు 9.1 బార్, అంటే లోపల గ్యాసు దాదాపు 7 డిగ్రీల దగ్గర మరుగుతోంది. ఇరవై నిమిషాలకు లోపలికెళ్లే గాలి 27, బయటికొచ్చేది 15. ఐసోలేటర్, ఎమ్‌సీబీ మీద వేలు ఆనించి చూస్తే గోరువెచ్చగా కూడా లేవు.

వెంటనే ఆపాల్సినవి: రేకు తాకితే జివ్వుమనడం, కంప్రెసర్‌లో లోహం కొట్టుకునే చప్పుడు, యూనిట్ ప్లేటు మీద రాసిన ఆంపియర్లు దాటడం, ప్లాస్టిక్ కాలిన వాసన. ఎర్రర్ కోడ్ వస్తే రాసుకుని, ఒక్కసారి రీసెట్. అదే కోడ్ మళ్లీ వస్తే రీసెట్లు ఇక లేవు. లీకేజీ బ్రేకర్ పడితే ఒక్కసారి కూడా ఎత్తొద్దు, ముందు కారణం తెలియాలి.

నమోదు 8: వేడిగాలి

మోడ్ మార్చకముందే గేజు హోస్ తీసేశాం. చల్లగాలిలో 9 బార్లున్న అదే గ్యాసు గొట్టం వేడిగాలిలో డిశ్చార్జి వైపవుతుంది. 45 డిగ్రీల దగ్గర ఆర్-32 ఒత్తిడి గేజు మీద 27 బార్ల దాకా ఉంటుంది. తక్కువ ఒత్తిడి గేజు, పాత గ్యాసులకు వాడిన హోస్ అక్కడ ఉంటే అవి తట్టుకోవు. ఆ స్థితిలో హోస్ విప్పినా వేడి గ్యాసు, నూనె చేతి మీదికి చిమ్ముతాయి.

మోడ్ మారగానే రివర్సింగ్ వాల్వు (గ్యాసు తిరిగే దిశను మార్చేది) బుస్సుమని చప్పుడు చేసింది, అది మామూలే. లోపలికి 22, బయటికి 42 డిగ్రీలు. బయట చలి, తేమ ఉంటే కాసేపటికి డీఫ్రాస్ట్ (అవుట్‌డోర్ కాయిల్ మీది మంచును కరిగించుకోవడం) వస్తుంది. ఫ్యాన్లు ఆగుతాయి, అవుట్‌డోర్ యూనిట్ నుంచి తెల్లని ఆవిరి లేస్తుంది. అది పొగ అనుకుని మెయిన్ లాగేయకుండా ఇంటివాళ్లకు ముందే చెప్పి ఉంచాలి.

అదనపు ఎలక్ట్రిక్ హీటర్ కాయిల్ ఉన్న మోడళ్లలో ఇంకో పరీక్ష ఉంది. ఫ్యాన్ తిరగకపోతే హీటర్ రాకూడదు. మొదటిసారి దుమ్ము కాలిన వాసన కొన్ని నిమిషాలుండి పోతుంది, పోకపోతే ఆపాలి. ఆపేటప్పుడు రిమోట్‌తో ఆపి, ఫ్యాన్ తనంతట ఆగే దాకా మెయిన్ ముట్టుకోవద్దు. లేకపోతే కాయిల్ వేడి ప్లాస్టిక్ మీదికి పోతుంది. అదే ఇంట్లో గ్యాసు, కట్టెల హీటర్ కూడా వాడుతుంటే కార్బన్ మోనాక్సైడ్ అలారం పడకగదుల దగ్గర ఉండాల్సిందే. కొత్త యూనిట్ కోసం కిటికీ సందులు మూసేసిన ఇంట్లో పాత హీటర్ పొగ వెనక్కి తన్నొచ్చు.

నమోదు 9: అప్పగింత

ఎమ్‌సీబీ మీద, ఐసోలేటర్ మీద పేరు రాసి అంటించాం. ప్రెషర్, ఉష్ణోగ్రత, మైక్రాన్లు, వేసిన గ్యాసు, ఆంపియర్లు, గాలి తేడా అన్నీ ఒక కాగితం మీద ఎక్కించి బోర్డు తలుపు లోపల పెట్టాం.

యూనిట్‌ను విప్పి మరోచోటికి మార్చే రోజు గురించి కూడా ఆ కాగితం కిందే రాశాం. గ్యాసును అవుట్‌డోర్ యూనిట్‌లోకి లాగేటప్పుడు వాల్వు ఏ మేరకైనా తెరిచి ఉండగా గొట్టం ఊడినా, కీలు దగ్గర గాలి లోపలికి పీల్చుకున్నా, కంప్రెసర్ ఆ గాలినీ నూనెనూ కలిపి నొక్కుతుంది. లోపల డీజిల్ ఇంజన్‌లో జరిగినట్టే మండి కంప్రెసర్ పేలుతుంది. కంప్రెసర్ పూర్తిగా ఆగాకే గొట్టం విప్పాలి. లీకు ఉందని తెలిసిన యూనిట్‌తో ఆ పని అసలు చేయకూడదు, గ్యాసును వేరే సిలిండర్‌లోకి లాగే రికవరీ మెషీన్‌తోనే తీయాలి.

మిగిలినవి: ఫిల్టర్ రెండు వారాలకొకసారి కడగడం, నెలయ్యాక మెయిన్ కట్టేసి టెర్మినల్ స్క్రూలు మళ్లీ చూడటం, ఆర్-32కు పనిచేసే డిటెక్టర్‌తో నాలుగు కీళ్ల దగ్గరా మళ్లీ తిప్పి చూడటం.